బోన్ గీసిన జెఫ్ స్మిత్ గురించి, కొంచెం పెద్ద పోస్టే

మేముండేది ఒహాయోలో, కొలంబస్ పక్కన. ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో స్కూళ్ళకి సెలవులివ్వడం ఆలస్యం, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "మావాడు ఎప్పుడు చూసినా ఆ గ్రాఫిక్ నావెల్సే పట్టుక్కూర్చుంటాడండీ, అసలు పుస్తకాల్లోకి ఎలా మళ్ళించాలి" అని. దానికి పదిమంది పది సలహాలిస్తారు. నేను మాత్రం "మళ్ళించకండి, చదవనివ్వండి" అని టైప్ చేసి ఊరుకుంటా, ఎందుకంటే మిగతాది చెప్పాలంటే వాట్సాప్ సరిపోదు, పైగా పెద్ద మెసేజ్ పెడితే ఎవరూ చదవరు, థంబ్సప్ పెట్టి పోతారు. అందుకని ఇక్కడ రాస్తున్నా. ఇంకో కారణం కూడా ఉంది, నేను చెప్పబోయే మనిషి ఈ ఊళ్ళోనే పెరిగి, ఇక్కడే చదువుకుని, ఇక్కడే కూర్చుని ఆ పుస్తకం గీశాడు. పేరు జెఫ్ స్మిత్. పుస్తకం పేరు బోన్, బొమ్మల గడుల్లోనే నడిచే ఒక పెద్ద నవల.

మా ఇంట్లోకి బోన్ వచ్చింది స్కూల్ లైబ్రరీ నుంచి. మా అబ్బాయి మొదటి భాగం తెచ్చి కార్లోనే మొదలుపెట్టి, ఇంటికొచ్చేసరికి సగం అవగొట్టేసి, రెండోది పబ్లిక్ లైబ్రరీలో హోల్డ్ పెట్టమని, అంటే మనకోసం పక్కన పెట్టించమని నా ప్రాణం తీశాడు. వీడు పడుకున్నాక ఏముందా అని నేను తీశా. తెల్లగా గుండ్రంగా సున్నపు బొమ్మల్లా ఉన్న ముగ్గురు కజిన్స్, ఫోన్ బోన్, ఫోనీ బోన్, స్మైలీ బోన్. వాళ్ళలో ఫోనీ అనేవాడు డబ్బు పిచ్చి వెధవ, వాడి నిర్వాకం వల్ల ముగ్గుర్నీ వాళ్ళ ఊరు బోన్‌విల్ నుంచి జనం తరిమేస్తారు, ఎడారిలో తప్పిపోయి, మిడతల దండు మీద పడి చెల్లాచెదురై, మనుషులూ మాట్లాడే జంతువులూ డ్రాగన్లూ ఉన్న ఒక లోయలోకి వచ్చి పడతారు. అక్కడ థార్న్ అనే అమ్మాయి, ఆవులతో పోటీపడి పరిగెత్తే వాళ్ళ బామ్మ. మొదటి భాగం అంతా నవ్వులే. అయిదో ఆరో భాగానికి వచ్చేసరికి యుద్ధం, ఊళ్ళు తగలబడటం, చిన్నప్పుడు పెద్దవాళ్ళు దాచిపెట్టిన నిజాలు, పాపం ఆ తెల్ల బొమ్మలు అదే గుండ్రటి మొహాలతో అందులోంచి నడుచుకుంటూ పోతుంటాయి. ఈ రెండూ ఒకే పుస్తకంలో ఎలా ఇమిడాయి అనేదే నాకు పట్టుకున్న ప్రశ్న. దాని వెనకపడి ఇతని ఇంటర్వ్యూలవీ చూస్తూ పోయా, ఈ పోస్టు అలా తయారైంది.

స్మిత్ పుట్టింది 1960లో, పెన్సిల్వేనియాలో. పెరిగింది మాత్రం కొలంబస్‌లోనే. బోన్ బొమ్మల్లో మొట్టమొదటిది ఎప్పటిదనుకుంటున్నారు, స్మిత్ అయిదేళ్ళ వయసులో గీసింది. పాతకాలం టెలిఫోన్ రిసీవర్ ఉంటుంది చూడండి, చెవికీ నోటికీ రెండు గుండ్లు ఉండి మధ్యలో వంపు, అలాంటి ఆకారంలో, నోరు బార్లా తెరిచి ఎవరిమీదో అరుస్తున్న ఒక బొమ్మ. ఆ కోపిష్టివాడే తర్వాత ఫోనీ బోన్ అయ్యాడట. పేరు కూడా సొంతం కాదు, మ్యాడ్ అనే హాస్య పత్రికలో డాన్ మార్టిన్ అనే కార్టూనిస్టు తన కేరెక్టర్లకి ఫోన్‌బోన్ అని ఇంటిపేరు పెట్టేవాడు, అది వీడికి నచ్చి తీసేసుకున్నాడు. చిన్నపిల్లలు ఇలాగే చేస్తారు కదా, నచ్చినది ఎక్కడుంటే అక్కడనుంచి లాగేసుకుంటారు, మొహమాటం ఏమీ ఉండదు. స్మిత్‌లో నాకు నచ్చేదేంటంటే పెద్దయ్యాక కూడా ఆ సంగతి దాచుకోలేదు, ఇది ఇక్కడిది అది అక్కడిది అని అడిగినవాళ్ళందరికీ చెప్తాడు.

పిల్లాడిగా ఇతను పడి చదివినవాటిలో పీనట్స్ అనే కామిక్ స్ట్రిప్, అంటే పేపర్లో రోజూ కొన్ని గడుల్లో వచ్చే బొమ్మల కథ ఉంది, అది అమెరికాలో ఆ తరంలో ఎవరు చదవలేదు గనక. అసలు సంగతులు ఇంకో ఇద్దరివి.

ఒకాయన కార్ల్ బార్క్స్. డొనాల్డ్ డక్ కామిక్స్ గీసినాయన, అంకుల్ స్క్రూజ్ అనే పిసినారి కోటీశ్వరుడి బాతుని 1947లో పుట్టించినాయన. డిస్నీ కామిక్స్ మీద అప్పట్లో గీసినవాళ్ళ పేర్లు వేసేవాళ్ళు కాదు, కాబట్టి పిల్లలకి ఈయన పేరు తెలీదు. కానీ గీత తెలుసు. ఎన్ని బాతు కామిక్స్ వచ్చినా ఇవి మాత్రం వేరు అని గుర్తుపట్టి "ఆ మంచి బాతుల ఆర్టిస్టు" అని పిలుచుకునేవాళ్ళట. పేరు లేకుండా గీత మీదే అభిమానులు ఏర్పడటం అంటే మాటలా. మనకి చందమామలో బొమ్మ చూడగానే ఇది శంకర్ గారిది, ఇది చిత్రా గారిది అని తెలిసిపోయేది కదా, అక్కడ సంతకం ఉండేది, వీళ్ళకి అది కూడా లేదు. ఈ బార్క్స్ కథల్లో బాతులు నిధుల కోసం ప్రపంచమంతా తిరుగుతాయి, కొండలు, పాడుబడ్డ నగరాలు, సముద్రాలు. బాతుల మొహాలు కార్టూన్, చుట్టూ ఉన్న ప్రపంచం మాత్రం నిజం ప్రపంచంలా శ్రద్ధగా గీసి ఉంటుంది. కానీ ఒక్కో కథ ఇరవై, ముప్ఫై పేజీల్లో అయిపోతుంది. స్మిత్‌కి చిన్నప్పుడు ఇదే బాధ. ఈ అంకుల్ స్క్రూజ్ కథే వెయ్యి పేజీలుంటే, ఒక మహాకావ్యమంత ఉంటే ఎంత బావుండు అని వెతికాడట, ఎక్కడా దొరకలేదు. బోన్ ఎందుకు గీశావు అని అడిగినప్పుడల్లా ఇతను చెప్పే జవాబు దాదాపు ఇదే.

ఇంకొకాయన వాల్ట్ కెల్లీ. ఈయన స్ట్రిప్ పేరు పోగో, జార్జియా రాష్ట్రంలో ఓకిఫెనోకీ అనే పెద్ద చిత్తడి నేలల్లో ఉండే పోసమ్ అనే ఎలకలాంటి జంతువు ఒకటి, మొసలి ఒకటి, ఇంకా బోలెడు జంతువులు, వాటి పిచ్చి కబుర్లు, మధ్యమధ్యలో గట్టి రాజకీయ వెటకారం. 1940ల చివర్నుంచి 70ల దాకా పేపర్లలో వచ్చింది. స్మిత్‌కి తొమ్మిదేళ్ళప్పుడు క్లాసులో ఒకమ్మాయి వాళ్ళ నాన్న పోగో పుస్తకం స్కూలుకి తెచ్చింది, వీడు చూసి మతిపోయి దాన్ని ఇక వదల్లేదు. ఆ వయసులో ఆ రాజకీయాలేం అర్థమవుతాయి, ఏమీ అవ్వవు. పట్టుకున్నది కుంచె గీత. కెల్లీ గీతలో ఒకే స్ట్రోకు సన్నగా మొదలై, పొట్ట దగ్గర లావుగా మారి, మళ్ళీ సన్నగా తేలిపోతుంది, దానివల్ల నల్ల ఇంకుతోనే బొమ్మకి బరువు వస్తుంది, గుండ్రం వస్తుంది. బోన్‌లో ఏ పేజీ అయినా తీసి చూడండి, ఆ తెల్ల బొమ్మల్లో లోపల షేడింగ్ అనేదే ఉండదు, ఉన్నదంతా చుట్టూ గీత. ఆ ఒక్క గీత లావు సన్నాల మీదే వాడు బరువుగా ఉన్నాడా, ఎగురుతున్నాడా, భయపడి ముడుచుకుపోయాడా అన్నీ తెలిసిపోతాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. ఈ బార్క్స్, కెల్లీ ఇద్దరూ ఎక్కడ్నుంచి వచ్చారో చూడండి. బార్క్స్ 1935లో డిస్నీలో చేరి డొనాల్డ్ డక్ సినిమాల కథల విభాగంలో పనిచేసి 1942లో బయటికొచ్చేశాడు. కెల్లీ 1936 నుంచి 1941 దాకా డిస్నీలో యానిమేటర్, డంబో, ఫాంటేసియా లాంటివాటికి పనిచేశాడు, అక్కడ సమ్మె జరిగిన ఏడాది వెళ్ళిపోయాడు. ఇద్దరూ యానిమేషన్లో కదలిక నేర్చుకుని, స్టూడియో వదిలేసి, కాగితం ముందు ఒంటరిగా కూర్చుని గీసినవాళ్ళు. స్మిత్‌కి తొమ్మిదేళ్ళ వయసులో ఇదంతా తెలిసే అవకాశం లేదు. కానీ నచ్చిన ఇద్దరూ ఒకే తోవలో వచ్చినవాళ్ళవ్వడం, తర్వాత తను కూడా యానిమేషన్ స్టూడియో పెట్టి, అది వదిలేసి కాగితం మీదకి రావడం ఇదంతా ఏదో కాకతాళీయం అని నాకనిపించదు. బొమ్మ కదులుతున్నట్టు కనపడే గీత వీడి కంటికి అప్పుడే ఆనింది, అది ఎలా వస్తుందో తెలుసుకోడానికి వీడూ వాళ్ళు నడిచిన దారినే వెళ్ళాల్సొచ్చింది అనిపిస్తుంది. ఎవరైనా ఒప్పుకోకపోతే కామెంట్లో తిట్టండి.

కాలేజీ సంగతికొస్తే, ఇక్కడే ఒహాయో స్టేట్ యూనివర్సిటీ. స్టూడెంట్స్ నడిపే పేపర్ ఒకటుంది, ద లాంటర్న్ అని, అందులో 1982 నుంచి 86 దాకా థార్న్ అనే స్ట్రిప్ వేశాడు. ఫోన్ బోన్, థార్న్, బామ్మ, డ్రాగన్ అందరూ అందులోనే ఉన్నారు. రోజూ గీయాలి, రోజూ చివర్లో ఒక జోకు పేలాలి. కథ పొడుగు సాగదీద్దామంటే పేపర్ స్ట్రిప్‌లో నాలుగు గడులు, అందులో మొదటి గడి నిన్న ఏం జరిగిందో గుర్తుచెయ్యడానికే పోతుంది. దీన్ని పెద్ద పేపర్లకి అమ్మే సిండికేట్ల దగ్గరికి కూడా పట్టుకెళ్ళాడు, కుదర్లేదు. కుదరకపోవడమే మంచిదైంది అని నా ఉద్దేశం. ఆ రోజుల్లో కామిక్ స్ట్రిప్ పేపర్లో అచ్చయ్యే సైజు ఏడాదికేడాది తగ్గిపోతోంది, అందులో డ్రాగన్ని గీస్తే బల్లిలా కనపడుతుంది.

1986లో ఫ్రెండ్స్‌తో కలిసి క్యారెక్టర్ బిల్డర్స్ అని యానిమేషన్ స్టూడియో పెట్టాడు, కొలంబస్‌లోనే. యాడ్సు, టీవీ ప్రోగ్రాములకి టైటిల్సు, వేరే పెద్ద స్టూడియోల సినిమాల్లో ముక్కలు ముక్కలుగా పని. సెకనుకి 24 ఫ్రేములు, ఎవరో రాసిన కథ, ఎవరో చెప్పిన డిజైను. డబ్బులొస్తాయి గానీ సాయంత్రానికి తనది అని చెప్పుకోడానికి ఏమీ మిగలదు. కానీ ఆ నాలుగైదేళ్ళు వృథా పోలేదు. టైమింగ్ అంతా అక్కడే వచ్చింది.

టైమింగ్ అంటే ఏంటో ఒక సీన్ చెప్తా. రాట్ క్రీచర్స్ అని బొచ్చు రాక్షసులు రెండు ఫోన్ బోన్‌ని తరుముతుంటాయి. వీడు కొండ అంచునుంచి జారి ఒక బక్క కొమ్మని పట్టుకుని వేలాడుతూ, ఇంత సన్న కొమ్మ మీదకి నా వెంట రావాలంటే అవి ఎంత తెలివితక్కువవై ఉండాలి అనుకుంటాడు. తర్వాతి గడిలో ఆ రెండు భారీ జంతువులు కూడా అదే కొమ్మని పట్టుకుని వేలాడుతుంటాయి. ఇదే సినిమాలో అయితే అవి దూకడం చూపిస్తారు. ఇక్కడ దూకడం రెండు గడుల మధ్య ఉన్న తెల్ల సందులో జరిగిపోయింది, దాన్ని మన బుర్రే పూర్తి చేసుకుంటుంది, అందుకే పేలుతుంది. ఇలాంటిదే ఇంకోటి, లోయలో చలికాలం రావడం. ఒక గడిలో చెట్లు మామూలుగా ఉంటాయి, మరు గడిలో ఆకాశంలో ఉన్న మంచంతా ఒక్క దెబ్బకి ధబ్బున కిందపడి ఫోన్ బోన్ కూరుకుపోతాడు. మా అబ్బాయి ఈ పేజీ ఎన్నిసార్లు నాకు చూపించాడో, ఇక్కడ డిసెంబర్‌లో కారు మీద మంచు గీకుతున్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. పదేళ్ళ పిల్లాడు ఈ పేజీ చదివి నవ్వాడంటే గడికీ గడికీ మధ్య జరిగింది వాడంతట వాడు ఊహించుకున్నాడని అర్థం. బొమ్మల పుస్తకం చదవడం సులువు, బుర్రకి పని ఉండదు అనేవాళ్ళకి నేను చూపించేది ఇదే పేజీ.

ఇక కథ వైపు నుంచి వచ్చినవి వేరే ఉన్నాయి. టోల్కీన్ లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సంగతి ఎవరైనా పోల్చేస్తారు, చిన్నవాళ్ళు పెద్ద యుద్ధంలో ఇరుక్కోవడం, దాక్కుని పెరిగిన రాకుమారి, ముసుగేసుకున్న దుష్టుడు. స్మిత్ ఎక్కువగా చెప్పే ఇంకో రెండు పుస్తకాలు మాత్రం నాకు ఆశ్చర్యం. ఒకటి మార్క్ ట్వెయిన్ నవల హకల్‌బెరీ ఫిన్. పిల్లల అల్లరి కథలా మొదలై, నది మీద పోతూ పోతూ బానిసత్వం, హత్యలు, మోసాల్లోకి దిగిపోతుంది కదా, ఆ వాలు బోన్‌లో అచ్చంగా ఉంది, మొదట నవ్వించి మనల్ని పడవెక్కించేస్తాడు, దిగుదామనుకునేసరికి ఒడ్డు కనపడదు. రెండోది మోబీ డిక్, తిమింగలం వేట మీద మెల్విల్ రాసిన లావుపాటి నవల. ఇది స్మిత్‌కి ప్రాణం. ఫోన్ బోన్ సంచిలో ఎప్పుడూ అదే పుస్తకం ఉంటుంది, ఎక్కడ అవకాశం దొరికితే అక్కడ పైకి చదవడం మొదలుపెడతాడు, వింటున్నవాళ్ళు రెండు వాక్యాలకే గుర్రుపెడతారు. తనకి అంత ఇష్టమైన పుస్తకం మీద తనే ఇలా జోకు వేసుకున్నాడు. ఆ జోకు చూసి ఎంతమంది పిల్లలు మోబీ డిక్ లైబ్రరీ నుంచి తెచ్చుకుని నాలుగు పేజీలు చదివి మూసేశారో, మా ఇంట్లో ఒకడున్నాడు.

ఊరు కూడా ఉంది అందులో. కొలంబస్ నుంచి గంటా గంటంబావు దూరంలో హాకింగ్ హిల్స్ అని ఉంది, ఇక్కడి తెలుగువాళ్ళందరూ ఫాల్ కలర్స్ చూడ్డానికి పులిహోర కట్టుకుని వెళ్ళే చోటే, అందులో ఓల్డ్ మ్యాన్స్ కేవ్ అనే పెద్ద రాతి గుహ, పక్కన వాగు, జలపాతాలు. బోన్‌లో కూడా ఓల్డ్ మ్యాన్స్ కేవ్ ఉంది, అదే పేరుతో, ముసుగు వీరులు ఉండే స్థావరం. ఆ అడవి, ఆ రాళ్ళ మీద నాచు, వంగిన చెట్లు ఇవన్నీ ఇతను చిన్నప్పట్నుంచి తిరిగిన చోట్లే. అందుకే కార్టూన్ బొమ్మల వెనక అడవి అంత నిజంగా ఉంటుంది, బార్క్స్ దగ్గర నేర్చుకున్నదాన్ని ఇతను సొంత ఊరితో నింపుకున్నాడు.

1991లో బోన్ మొదటి సంచిక. కార్టూన్ బుక్స్ అని సొంతంగా కంపెనీ పెట్టుకుని అచ్చేశాడు, నలుపు తెలుపులో. రాయడం, పెన్సిల్, ఇంకు, అక్షరాలు, ఆర్డర్లు, ప్యాకింగ్ అన్నీ తనే. అప్పట్లో అమెరికా కామిక్ షాపుల్లో సూపర్‌హీరోలదే రాజ్యం, కండలు తిరిగినవాళ్ళ మధ్యలో ఈ తెల్ల బొమ్మల్ని పెట్టి అమ్మాలి. మొదట్లో అమ్మకాలు అంతంతమాత్రమే. ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పకపోతే తప్పు, భార్య విజయ అయ్యర్. పేరు చూడగానే మనవాళ్ళెవరికైనా చెవులు నిక్కబొడుచుకుంటాయి, నాక్కూడా అంతే. ఆవిడ సిలికాన్ వ్యాలీ కంపెనీలో ఉద్యోగం చేసేది, మంచి జీతం, ఇంట్లో నడిచేది దాని మీదే. కొన్నాళ్ళకి అది వదిలేసి ఈ కామిక్ వ్యాపారం మొత్తం తన చేతిలోకి తీసుకుంది. ప్రింటర్లతో బేరాలు, విదేశాల్లో హక్కులు, డిస్ట్రిబ్యూటర్లు, స్టాకు. మనవాళ్ళ ఇళ్ళల్లో ఎవరైనా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి మా ఆయన గీసే బొమ్మలు అమ్ముతానంటే ఏమవుతుందో ఊహించుకోండి, అటు పక్క ఇటు పక్క పెద్దవాళ్ళు విమానమెక్కి వచ్చేస్తారు. స్మిత్ ఎక్కడ మాట్లాడినా ఆవిడ లేకపోతే బోన్ పూర్తయ్యేది కాదని చెప్తాడు. ఆర్టిస్టుల కథల్లో ఈ లెక్కలు చూసుకున్నవాళ్ళు ఎప్పుడూ ఒక లైనులో వచ్చి పోతారు, నేనూ ఒక పేరాలోనే ముగించేస్తున్నా, ఆవిడ మీద ఎవరైనా విడిగా పెద్ద వ్యాసం రాయాలి.

వీళ్ళు చేసిన తెలివైన పని ఒకటుంది. కామిక్ సంచిక అంటే పాతిక పేజీల పల్చటి బుక్‌లెట్, నెల తిరిగేసరికి షాపు నుంచి మాయం, మధ్యలో ఒకటి మిస్సయితే అంతే సంగతులు. చందమామలో సీరియల్ ఒక నెల పుస్తకం అందకపోతే మన పరిస్థితి గుర్తుందా, దాసరి సుబ్రహ్మణ్యం గారు అక్కడ హీరోని ఏ మాంత్రికుడి గుహలోనో వదిలేసి ఉంటారు, పక్కింటివాళ్ళ దగ్గర అడుక్కోవడమే. స్మిత్, విజయ ఆ సంచికల్ని ఆరేడు చొప్పున కలిపి పుస్తకాలుగా వేసి, అవి అయిపోకుండా మళ్ళీ మళ్ళీ అచ్చేస్తూ వచ్చారు. కొత్తగా ఎవరొచ్చినా మొదటి భాగం దొరుకుతుంది. డిస్నీ అడ్వెంచర్స్ అనే పిల్లల పత్రికలో కూడా కొంతకాలం రంగుల్లో సీరియల్‌గా వచ్చింది. అలా 2004 దాకా, మొత్తం 55 సంచికలు. చివర్లో అన్నీ కలిపి ఒకే పుస్తకంగా వేశారు, 1332 పేజీలు, చేత్తో పట్టుకుని పడుకుని చదివితే ముక్కు మీద పడుతుంది జాగ్రత్త. ముగింపు ఏంటో ఇతనికి మొదట్నుంచీ తెలుసు, పదమూడేళ్ళ పాటు అక్కడికే గీసుకుంటూ వెళ్ళాడు. ఈ లోపల కామిక్స్‌కిచ్చే పెద్ద అవార్డుల్లో 10 ఐస్నర్‌లు, 11 హార్వీలు.

ఇన్ని చెప్పాక ఒక విషయం. ఇది పిల్లల పుస్తకం అని స్మిత్ అనుకోలేదు. కామిక్ షాపులకొచ్చే పెద్దవాళ్ళ కోసం, ఇంకా నిజం చెప్పాలంటే తొమ్మిదేళ్ళప్పుడు తనకి దొరకని పుస్తకం కోసం గీశాడు. దాన్ని పిల్లల దగ్గరికి చేర్చింది లైబ్రేరియన్లు. షాపుల్లో కొని పిల్లల అరలో పెడితే ఒక్కటీ అరలో నిలవట్లేదని ముందు వాళ్ళే గమనించారు. 2002లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ సభల ముందు రోజు గ్రాఫిక్ నావెల్స్ మీదే ఒక ప్రత్యేక సమావేశం పెట్టారు, అట్లాంటాలో. ఆర్ట్ స్పీగెల్‌మన్, నీల్ గైమన్ లాంటి పేరున్న కామిక్స్ రచయితలతో పాటు స్మిత్‌ని కూడా పిలిచారు. తర్వాత 2005లో స్కొలాస్టిక్ కంపెనీ గ్రాఫిక్స్ అని కొత్త శాఖ పెట్టి మొట్టమొదటి పుస్తకంగా బోన్‌నే ఎంచుకుంది. స్టీవ్ హమేకర్ అనే ఆర్టిస్టు తొమ్మిది భాగాలకీ రంగులు వేశాడు, 2009కి పూర్తయింది. మన పిల్లలు స్కూల్ బుక్ ఫెయిర్లో రెయినా టెల్గెమైర్ పుస్తకాలు, ఆమ్యులెట్ సిరీస్ అని వెంటపడి కొనిపిస్తారే, అవన్నీ ఆ శాఖ నుంచి వచ్చినవే, బోన్ తెరిచిన తలుపులోంచి.

రంగుల గురించి నా అభిప్రాయం చెప్పమంటే, పిల్లలకి రంగులదే ఇవ్వండి, బావుంటుంది, హమేకర్ మర్యాదగా వేశాడు, గీతని తొక్కలేదు. కానీ మీకు బొమ్మలంటే ఇష్టమైతే మాత్రం నలుపు తెలుపుది ఒకసారి చూడండి. రాత్రి అడవి సీన్లలో పేజీ అంతా నల్ల ఇంకు పోసేసి, అందులో ఆ తెల్ల బొమ్మల్ని ఖాళీ కాగితంలా వదిలేస్తాడు. రంగుల్లో వాడు తెల్లరంగు బొమ్మ, ఇక్కడ వాడు కాగితమే. ఈ తేడా చెప్తే మా ఆవిడ నీకు పనేం లేదా అంది.

అన్నీ సజావుగా ఏం జరగలేదు. నికెలోడియన్ వాళ్ళు 90ల చివర్లో సినిమా తీస్తామన్నారు, తీరా చూస్తే బోన్ పాత్రలకి చిన్నపిల్లల గొంతులు పెట్టాలి, మధ్యలో పాప్ పాటలు పెట్టాలి అన్నారట, స్మిత్ వద్దన్నాడు. తర్వాత వార్నర్ బ్రదర్స్, ఆ తర్వాత నెట్‌ఫ్లిక్స్ 2019లో సిరీస్ అని ప్రకటించి 2022లో ఆపేశారు. యానిమేషన్ వదిలి వచ్చినవాడి పుస్తకం మళ్ళీ యానిమేషన్లోకి వెళ్ళనంటోంది, ఏం చేస్తాం. 2013లో అయితే అమెరికా లైబ్రరీల్లోంచి తీసేయమని ఎక్కువ ఫిర్యాదులొచ్చిన పది పుస్తకాల జాబితాలో చోటు సంపాదించింది, కారణాలుగా రాజకీయ ధోరణి, జాతి వివక్ష, హింస అని రాశారు. హింస అంటే సరే, యుద్ధం ఉంది. మిగతా రెండూ ఏ పేజీలో దొరికాయో నాకైతే కనపడలేదు.

తర్వాత ఇతను రాజల్ అని పెద్దవాళ్ళ సైన్స్ ఫిక్షన్ ఒకటి గీశాడు, అది పిల్లలకి ఇవ్వకండి. చదవడం అప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళకి లిటిల్ మౌస్ గెట్స్ రెడీ అని 2009లో చిన్న పుస్తకం వేశాడు, ఎలక పిల్ల పొద్దున్నే బట్టలేసుకోవడం, అంతే కథ, చొక్కా గుండీ పెట్టుకోవడం లాంటివి గడి గడికీ ఎంత కుదురుగా గీశాడో, దానికి 2010లో గీజెల్ ఆనర్ అని, చదవడం నేర్చుకునే పిల్లల పుస్తకాలకిచ్చే గుర్తింపు వచ్చింది. 2015 నుంచి ఇక్కడే కార్టూన్ క్రాస్‌రోడ్స్ కొలంబస్ అని కామిక్స్ పండగ మొదలుపెట్టి నడిపిస్తున్నారు. కొలంబస్ వాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళండి, ఎంతసేపూ ఆ జూకే కాకుండా. అలాగే ఒహాయో స్టేట్‌లో బిల్లీ ఐర్లండ్ కార్టూన్ లైబ్రరీ అండ్ మ్యూజియం ఉంది, కాల్విన్ అండ్ హాబ్స్ గీసిన బిల్ వాటర్‌సన్ ఒరిజినల్స్ ఉండేది అక్కడే. ఒరిజినల్ బొమ్మలంటే అచ్చులో కనపడని తెల్లరంగు దిద్దుళ్ళు, చెరిపిన పెన్సిల్ గీతలు అన్నీ కనపడతాయి. గీతలు గీసే పిల్లలుంటే వాళ్ళకి అది చూపించడం వంద డ్రాయింగ్ క్లాసుల పెట్టు.

గీసే పిల్లల కోసమే ఇంకోటి చెప్పి ఆపేస్తా. కాలేజీ రోజుల్లో పేపర్లో వేసిన ఆ థార్న్ స్ట్రిప్పులన్నీ కలిపి ఈ మధ్య స్మిత్ ఒక పుస్తకంగా తెచ్చాడు. అవి బోన్ మొదటి రెండు భాగాలతో పక్కపక్కన పెట్టుకుని చూడండి. అవే పాత్రలు, చాలా చోట్ల అవే జోకులు. కానీ స్ట్రిప్‌లో మొహాలు బిగుసుకుని ఉంటాయి, మాటల బెలూన్లు గడి నిండా ఉంటాయి, జోకంతా చివరి గడిలో మాటలోనే ఉంటుంది. బోన్‌కి వచ్చేసరికి మాటలు సగానికి తగ్గి, మధ్యలో ఏమీ మాట్లాడని గడులు వచ్చి చేరాయి, ఫోన్ బోన్ ఊరికే నిలబడి చూసే గడులు. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా అంతా స్టూడియోలో కూర్చుని వేరేవాళ్ళ యాడ్స్‌కి బొమ్మలు కదిలించిన ఆ ఏళ్ళే. మా లైబ్రరీలో బోన్ మొదటి భాగానికి ఎప్పుడూ హోల్డ్స్ ఉంటాయి, థార్న్ మాత్రం అడిగితే తెప్పించి పెడతారు.